నల్ల కారు మీద గీతలు

రిటైరవడానికి ముందు ఏడాది వేసవిలో నేను భీమవరంలోని ఒక కార్ల షోరూముకు చెందిన సర్వీసు సెంటరులో వర్క్స్ మేనేజరును. షెడ్డులోకి వచ్చిన ప్రతి బండికీ జవాబుదారీ నాది. నా పైన జనరల్ మేనేజరు, ఆయన పైన కస్టమరు. కారు కడగడం కూడా ఒక పనేనా అని నవ్వేవాళ్లను ఉద్యోగమంతా చూశాను. అలా నవ్వినవాళ్ల బళ్లే పెయింటు పోయి మా షెడ్డుకు వచ్చేవి.

మా పద్ధతి చెబుతాను. బండి ముందు నీడలో చల్లారాలి. తరువాత ఉత్త మంచినీళ్ల ధార కొట్టాలి, అంటుకున్న ఇసుక జారిపోవడానికి. ఆ పైన షాంపూ నురగ. బకెట్లు రెండు ఉండాలి: ఒకదానిలో షాంపూ, ఇంకోదానిలో గుడ్డ జాడించుకునే నీళ్లు. జాడించకుండా అదే గుడ్డ తిప్పితే ఇసుక పెట్టి రుద్దినట్టే. పైకప్పు నుంచి కిందికి రావాలి, చక్రాలకు వేరే గుడ్డ వాడాలి. మా షెడ్డులో ఇదంతా తు.చ. తప్పకుండా చేసే మనిషి నూకరాజు. నలభై దాటినవాడు, పని నా దగ్గరే నేర్చుకున్నాడు.

ఒక ఉదయం ఒక రొయ్యల రైతుగారు నాలుగు నెలల నల్ల కారు తెచ్చి షెడ్డు దద్దరిల్లేలా అరిచారు. బానెట్ మీద ఎండలో చూస్తే సాలెగూడులా గుండ్రటి గీతలు, మధ్యమధ్య తెల్ల మచ్చలు.

"మీ వాడు నా బండిని అంట్లగిన్నె తోమినట్టు తోమేశాడండీ! ఆడుంటే నేనీ గుమ్మం తొక్కను," అన్నారు.

ఆయన అల్లుళ్ల కోసం మా షోరూములోనే ఇంకో రెండు బళ్లు బుక్ చేసి ఉన్నారు. మా జనరల్ మేనేజరుకు ఆ రెండు బళ్లు తప్ప లోకంలో ఇంకేమీ కనబడలేదు. నూకరాజును అప్పటికప్పుడు సస్పెండు చెయ్యమన్నారు.

నూకరాజు అందరి ముందూ నాకేసి చూశాడు. "రెండు బకెట్లూ పెట్టే కడిగానండి. మీరే నేర్పారు కదండీ," అన్నాడు.

మా దగ్గర ఆ బండిని కడిగింది ఒక్కసారే, మొదటి సర్వీసుకు వచ్చినప్పుడు. ఒక్కసారి కడిగితే అన్ని గీతలు పడవని నాకు తెలుసు. అయినా రిటైరయ్యే ముందు గొడవెందుకని సస్పెన్షను కాగితం మీద సంతకం పెట్టాను. ఛీ, పిరికి పని.

మర్నాడు పాలిష్ పని అంచనా వెయ్యడానికి రైతుగారి చెరువుల దగ్గరికి వెళ్లాను. ఆయన డ్రైవరు ఆ నల్ల కారే కడుగుతున్నాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, చెరువుకు నీళ్లు తోడే ఉప్పు బోరు గొట్టంతో. చేతిలో ఉండచుట్టిన పాత నైలాన్ వల ముక్క, దాని మీద అంట్లు తోమే పౌడరు. ఆహా, ఏం సేవ! రోజూ ఇంతేనా అని అడిగాను.

"రోజూనండి. వలైతే మట్టి బాగా వదులుద్దండి," అన్నాడు గర్వంగా.

ఇంతలో రైతుగారు వచ్చారు. "ఆ నీళ్లకేమైందండీ? రొయ్యపిల్ల బతికే నీళ్లవి. ఇనప బండికేమవుద్ది?" అన్నారు.

చెరువులో ఉప్పు ఎంతుందో చూసే, చిన్న దుర్భిణిలాంటి మీటరు ఆయన జేబులోనే ఉంది. రొయ్యకు ఉప్పు కాస్త తేడా వస్తే నిద్రపోని మనిషి. ఆ గొట్టం నీళ్లు ఒక చుక్క వేసి చూడమన్నాను. కంటికి పెట్టుకుని చూశారు. గొట్టం కట్టెయ్యమని డ్రైవరుకు సైగ చేశారు. ఆ ఉప్పు ఎండకు ఆరితే పడేవే తెల్ల మచ్చలని చెప్పి, కారు తలుపు కింద బోల్టులకు అప్పుడే పట్టిన తుప్పు కూడా చూపించాను.

"సర్లెండి, పాలిష్ కొట్టించి పంపండి," అన్నారు. నూకరాజు మాట ఎత్తనే లేదు.

సంగతి చెబితే మా జనరల్ మేనేజరు, "అయితే పిలిపించెయ్యండి," అన్నారు, టీ తెప్పించినంత తేలిగ్గా. నూకరాజుకు ఫోన్ చేశాను.

"వస్తానండి. కానీ అందరి ముందూ పంపించేశారు కదండీ. బండి పాడుచేశావంటగా అని మా ఆవిడే అడిగిందండి. తప్పు నాది కాదని కూడా అందరి ముందే చెప్పండి," అన్నాడు.

మర్నాడు పని మొదలయ్యే ముందు మెకానిక్కులందరినీ నిలబెట్టి చెప్పాను: నూకరాజు తప్పు లేదు, తెలిసీ సంతకం పెట్టిన తప్పు నాది. జనరల్ మేనేజరు ఆ పూట షెడ్డువైపు రాలేదు.

ఆ వారమే, బండిని లోపలికి తీసుకునేటప్పుడు రాసే జాబ్ కార్డులో ఒక ప్రశ్న చేర్పించాను: ఇంటి దగ్గర ఈ బండిని ఏ నీళ్లతో, దేనితో కడుగుతారు? అడగడానికి అర నిమిషం చాలు. సంతకం పెట్టే ముందు నేను అడగలేదు.