ఖాళీ డ్రమ్ము

అమీర్‌పేటలో నేను పాఠం చెప్పిన ఇన్‌స్టిట్యూట్ యజమానిని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. గల్ఫ్‌కు వెళ్ళేవాళ్ళకు సేఫ్టీ కోర్సు అని బోర్డు పెట్టాడు గానీ, ఆయన ఎడారి మొహం ఎరగడు. నేను ఎరుగుదును. అక్కడ రసాయన వ్యర్థాలు పారేసే యార్డులో ఏళ్ళ తరబడి పనిచేసి వచ్చి, ఆ పనినే ఇక్కడ పాఠంగా చెప్పేవాణ్ణి.

నా పాఠంలో ఆయనకు గిట్టనిది ఒక్కటే: ఖాళీ డ్రమ్మును చిల్లులు పొడిచాకే పారేయాలని చెప్పడం. లోపలి యాసిడ్ ఒంపేసినా గోడలకు కొంత అంటుకునే ఉంటుంది; చిల్లు పడితే ఇక ఎవరూ అందులో నీళ్ళు పట్టుకోలేరు. మా యార్డు సూపర్‌వైజర్ ఆ ఓపిక లేక డ్రమ్ములను చిల్లు పొడవకుండానే ఇసుకలో పూడ్పించాడు. గాలికి ఇసుక జరిగి అవి బయటపడ్డాయి. నీలం డ్రమ్ము కనబడితే మనవాళ్ళకు నీళ్ళే గుర్తొస్తాయి. నా గదిలో ఉండే జగిత్యాల ఆయన ఒకటి తెచ్చి, కడిగి, స్నానానికి నీళ్ళు పట్టుకున్నాడు. కళ్ళు పోయాయి. "ఎడారిలో ఎవరుంటార్లే అనుకున్నా" అన్నాడు సూపర్‌వైజర్. అతణ్ణి నేను క్షమించలేదు, క్షమించను కూడా.

"అన్నా, గా ముచ్చట జర తీసెయ్. పబ్లిక్ భయపడ్తున్నరు. ఖాళీ డ్రమ్ముతోని ఏం ఫికర్?" అనేవాడు యజమాని.

ఈ ఎండాకాలం నీళ్ళకు కటకట వచ్చింది. ఒకరోజు క్లాసుకు వెళ్ళేసరికి తలుపు పక్కన నీలం డ్రమ్ము, నిండా నీళ్ళు, మూత మీద గ్లాసు. లేబుల్ గీకేసి ఉంది. మూత తీస్తే ఘాటు ముక్కుకు కొట్టింది.

"ఎక్కడిదండీ ఇది?" అని యజమానిని అడిగాను.

"పంజాగుట్టల స్క్రాప్ దుకాణంల తీస్కున్న. మంచిగ కడిగిచ్చిన. తాగు, ఏం కాదు."

"ముందు మీరు తాగండి."

తాగలేదు, నవ్వాడు. ఆ నవ్వుకే నాకు తిక్క రేగింది. పాఠంలో చూపించే ఉలీ సుత్తీ తెచ్చి, క్లాసంతా చూస్తుండగా డ్రమ్ముకు చిల్లు పొడిచాను. నీళ్ళు గదంతా పారాయి. పాగల్ అయినవా అని అరిచి, రేపటి నుంచి రావద్దన్నాడు. రమ్మన్నా రానన్నాను.

అప్పుడు వెనక బెంచీలోంచి యూసుఫ్‌గూడ ఆటో డ్రైవర్ లేచాడు. గల్ఫ్ యార్డులో పని కోసం కోర్సులో చేరిన మనిషి.

"సార్, మా ఇంట్ల సుత గసొంటి డ్రమ్మే ఉన్నది. పిల్లలు గా నీళ్ళే తాగుతున్నరు."