ప్లైవుడ్ అవతలి తమ్ముడు

రేడియోలు బాగుచేసే పెద్దాయనకి మాటలకేం కరువు లేదు. స్క్రూడ్రైవర్‌తో మాట్లాడతాడు, మూగబోయిన స్పీకర్‌ని తిట్టిపోస్తాడు, షాపు మెట్టెక్కిన పిల్లిని కూడా కుశలమడుగుతాడు. మాట్లాడనిది ఒక్క తమ్ముడితోనే. ఆ తమ్ముడేమీ దేశాంతరం పోలేదు. ప్లైవుడ్ చెక్కకి అవతల, జానెడు దూరంలో కూర్చుని ఫ్యాన్లకి వైండింగ్ చుట్టుకుంటూ ఉంటాడు.

నాన్న పోయాక షాపు అమ్మేద్దామని తమ్ముడు, చచ్చినా అమ్మనని అన్న పట్టుబట్టారు. పెద్దమనుషులు వచ్చి ఉన్న కాస్త షాపునీ నిలువునా రెండు చేసి, మధ్యలో ప్లైవుడ్ కొట్టించి, చేతులు దులుపుకుని వెళ్ళారు. గోడ కట్టించినా బాగుండేది. ప్లైవుడ్ పలకరింపుల్ని ఆపింది గానీ దగ్గుల్ని ఆపలేకపోయింది. అన్న తుమ్మితే తమ్ముడికి తెలుస్తుంది, తమ్ముడు స్టూలు జరిపితే అన్నకి తెలుస్తుంది. మరీ అవసరం పడితే టీ కొట్టామె ఉండనే ఉంది. “మీటరు కాలిపోయిందని ఆయనకి చెప్పమ్మా” అంటే పక్కకి వెళ్ళి చెప్పి వస్తుంది. అన్నకి పెళ్ళి లేదు. తమ్ముడికి భార్య పోయింది, కూతురు అత్తారింట్లో ఉంది. ఉన్నదే ఒకరికొకరు, ఆ ఒకరితోనే మాటల్లేవు. ఇదీ అన్నదమ్ముల వైభోగం.

ఇలా ఉండగా ఆరోగ్య కేంద్రం నర్సమ్మ వీధిలోకి వచ్చింది. అరవై దాటినవాళ్ళందరికీ పేగు క్యాన్సర్ పరీక్ష, ఉచితం. పెద్దాయన చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా పెట్టింది.

“పొద్దున్నే కాస్త ఇందులో వేసివ్వండి తాతగారూ.”

“ఏం వేయాలమ్మా?”

ఆమె గొంతు తగ్గించి చెప్పింది. పెద్దాయన డబ్బాని అటూ ఇటూ తిప్పి చూశాడు. “నా దగ్గర డబ్బాలో దాచుకోదగ్గది ఇదొక్కటే మిగిలిందన్నమాట,” అన్నాడు. ఆమె నవ్వుకుంటూ పక్క షాపుకి వెళ్ళింది. “నాకొద్దమ్మా” అంటున్న తమ్ముడి మాట చెక్క ఇవతలికి వినిపించింది. మొండిఘటం, చిన్నప్పటి నుంచీ అంతే, అనుకున్నాడు పెద్దాయన.

డబ్బాలో రక్తం జాడ కనపడింది. పెద్దాసుపత్రిలో కెమెరా గొట్టంతో చూస్తే పేగులో గడ్డ తేలింది.

“ఏడాది ముందు వచ్చుంటే గొట్టంతోనే తీసేసేవాళ్ళం. ఇప్పుడు ఆపరేషన్ చేయాలి. అయినా మించిపోలేదు లెండి,” అన్నాడు డాక్టరు. “తోడబుట్టినవాళ్ళు ఉన్నారా?”

“ఒకడున్నాడు,” అన్నాడు పెద్దాయన.

“ఆయన కూడా వెంటనే పరీక్ష చేయించుకోవాలి. తోడబుట్టినవాళ్ళకి వచ్చే అవకాశం ఎక్కువ. మీరే చెప్పాలి, ఇంకెవరు చెబుతారు?”

చెప్పాలట! ఎంత తేలిగ్గా అనేశాడో మహానుభావుడు.

ఇంటికొచ్చి పడుకుంటే పెద్దాయనకి తన గడ్డ కంటే తమ్ముడి “నాకొద్దమ్మా” ఎక్కువ గుచ్చుకుంది. మర్నాడు టీ కొట్టామెని పిలిచాడు. “ఆయనకి చెప్పమ్మా...” అని మొదలుపెట్టాడు గానీ, కడుపులో సంగతులు పరాయి ఆడమనిషి చేత ఎలా చెప్పించడం? “ఏం చెప్పమంటారు?” అని ఆమె నిలబడే ఉంది. “ఏం లేదు, టీలో పంచదార ఎక్కువైంది,” అన్నాడు. అది తమ్ముడికి ఎందుకు చెప్పాలో ఆమెకి అర్థం కాలేదు. ఇంకోరోజు చెక్క దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు. అవతల తమ్ముడూ గొంతు సవరించుకున్నాడు. అక్కడితో సరి. చెబుదాం రేపు, చెబుదాం ఎల్లుండి అనుకుంటూ వారం దాటించేశాడు.

ఒక మధ్యాహ్నం అవతల చప్పుడు లేదు. దగ్గు లేదు, సుత్తి లేదు. తమ్ముడు భోజనానికి వెళ్ళాడంతే. అయినా ఆ కాసేపూ పెద్దాయన ఏ రేడియోనీ ముట్టుకోలేదు. తను పోతే పోయాడు, వాడి దగ్గు కూడా వినపడకపోతే ఈ షాపులో ఎలా కూర్చోవడం? కళ్ళనీళ్ళు తిరిగాయి. స్టూలు చప్పుడు వినపడగానే లేచి, వీధిలోంచి చుట్టూ వెళ్ళి, పక్క గుమ్మంలో నిలబడ్డాడు.

తమ్ముడు తలెత్తాడు. జుట్టు ఇంత పలచబడిందా, అనుకున్నాడు పెద్దాయన.

“ఆ నర్సు చెప్పిన పరీక్ష చేయించుకో. నాకు పేగులో గడ్డ ఉందన్నారు. కోసి తీయాలట. ఒక కడుపున పుట్టినవాళ్ళకి వస్తుందట,” అని గబగబా అప్పజెప్పేశాడు.

తమ్ముడు చేతిలోని రాగితీగ వదల్లేదు. “నాకు పోయినేడే తీశారు. చిన్నదే. గొట్టంతోనే అయిపోయింది,” అన్నాడు. తీగని ఇంకో చుట్టు తిప్పి, “నీకు చెప్పమన్నారు” అన్నాడు.

“మరి చెప్పలేదేం?”

“అప్పుడు నాలుగు రోజులు షాపు మూసేశాను కదా. ఎందుకు మూశావని అడుగుతావనుకున్నాను. అడిగితే చెబుదామనుకున్నాను.”

పెద్దాయనకి కోపం రావాలి. ఏడాది ముందు తెలిసుంటే ఈ కోత ఉండేది కాదు. కానీ ఆ నాలుగు రోజులూ తనకి గుర్తున్నాయి. అవతల చప్పుడు లేకపోతే, పోనీ హాయిగా ఉంది అని రేడియో గట్టిగా పెట్టుకున్నాడు. వీధిలోకి వెళ్ళి తాళం ఎందుకుందో చూడనైనా లేదు.

తమ్ముడు లేచి, పక్క స్టూలు మీదున్న ఫ్యాను రెక్కలు తీసి కింద పెట్టాడు. కూర్చోమని మాత్రం అనలేదు. కూర్చోవచ్చో లేదో తెలియక పెద్దాయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.