రెండో కార్డు

"మళ్ళీ ఒళ్ళు వెచ్చబడింది. నిన్నటి రక్తపరీక్ష తప్పేమో! లోపల ఇంకేదో ఉందేమో!"

హారతి ఆ మాట అంటూనే థర్మామీటరు తీసింది. నాలుగేళ్ళ మోక్షిత దాన్ని చూసిందో లేదో, చెయ్యి విదిలించుకుని మెట్లెక్కేసింది. పై వాటాలో పెద్దమ్మ ఉంటుంది. జ్వరమొచ్చిన పిల్లకి అంత పరుగెక్కడిదని హారతికి తోచలేదు. మళ్ళీ అక్కడికే పోయిందని మాత్రం కడుపు రగిలిపోయింది.

ఆ పెద్దమ్మ హారతి తోడికోడలు సత్యశ్రీ. పుట్టిల్లు ఆత్రేయపురం. పెళ్ళికి ముందు తల్లి పక్కన కూర్చుని, బోర్లించిన వేడి కుండ మీంచి పూతరేకులు తీసిన మనిషి. చదువు ఇంటర్‌తో ఆగింది. లాక్‌డౌన్‌లో ఫోన్లో చూసి, బొమ్మల టారో కార్డులతో జోస్యం చెప్పడం నేర్చుకుంది. రేకు చిరగకుండా తీసిన వేళ్ళు కదా, ఆవిడ కార్డులు కలుపుతుంటే చప్పుడే వినపడదు. ఇప్పుడు ధవళేశ్వరంలో ఆ వీధి వీధంతా ఆవిడ పేరే. బదిలీ భయం పట్టుకున్న ఇరిగేషన్ గుమస్తాలు వస్తారు, దుకాణం పెట్టాలా వద్దా తేల్చుకోలేనివాళ్ళు వస్తారు. చిట్టియ్య గారని రొయ్యల చెరువుల రైతు ఒకాయనకి ఓసారి చందమామ కార్డు వచ్చింది. ఆ బొమ్మలో నీళ్ళలోంచి రొయ్యలాంటిదొకటి పైకి పాకుతూ ఉంటుంది. "ఇంకేం చెప్పక్కర్లేదండి, ఈసారి పంట మనదే!" అంటూ ఆయన అర్థం వినకుండానే లేచి వెళ్ళిపోయాడు. సత్యశ్రీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

హారతిది ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ, యూనివర్సిటీ ఫస్టు. పిల్ల పుట్టాక లెక్చరర్ ఉద్యోగం మానేసింది. కింది వాటా కావడంతో తలుపు కొట్టే ప్రతివాళ్ళూ "కార్డుల మేడమ్ గారిల్లు ఇదేనాండి?" అనే అడుగుతారు. పైకి వేలు చూపించడం తప్ప తన చదువుకి వేరే పని లేదనిపిస్తుంది. దానికి తోడు అత్తగారు అచ్చాయమ్మ: "పెద్దదాని చేతిలో ఏదో ఉందమ్మా. పిల్ల కూడా దాని దగ్గరైతేనే కుదురుగా ఉంటుంది."

హారతి పైకి వెళ్ళేసరికి మోక్షిత పెద్దమ్మ ఒళ్ళో కూర్చుని, కార్డుల మీద బొమ్మలు చూస్తూ ఇడ్లీ తింటోంది. కింద పొద్దుట్నుంచి ఒక్క ముక్క మింగలేదు.

"దా, ఇంకో ల్యాబుకి వెళ్దాం," అంది హారతి.

"సూదొద్దు!" పిల్ల పెద్దమ్మ మెడ వాటేసుకుంది.

"మళ్ళీనా?" అంది సత్యశ్రీ. "రెండు ల్యాబులవాళ్ళూ బాగానే ఉందన్నారుగా. వైరల్ జ్వరమే, శుక్రవారం తీసుకురండి అని డాక్టరు గారు చెప్పారుగా?"

"రక్తం సంగతి మీ కార్డులంత తేలిక కాదక్కా."

అలా అన్నా కసి తీరలేదు. ఆవిడ బండారం బయటపెట్టాలనిపించింది. "పోనీ, పిల్లకి ఏమవుతుందో మీరే కార్డు తీసి చెప్పండి. తర్వాత అదే ప్రశ్నకి ఇంకోటి తియ్యండి. రెండూ ఒకే మాట చెబితే నమ్ముతాను."

"పిల్లల జబ్బులకి నేను తియ్యనమ్మా, అది డాక్టరు పని. నీ గురించైతే తీస్తాను."

తీసింది. చందమామ.

"మసక వెన్నెల. చంద్రుడి కేసి మోరెత్తిన ఈ రెండిట్లో ఏది కుక్కో, ఏది తోడేలో తెలీట్లేదు చూడు. ఇది భయం కార్డు."

హారతి ముఖం మాడిపోయింది. "ఇంకోటి తియ్యండి."

"తియ్యను."

"దొరికిపోతారనా?"

"ఆఁ, అలాగే అనుకో." సత్యశ్రీ నవ్వుతూ కట్ట పక్కన పెట్టేసింది. "రెండోది వేరేదే వస్తుంది. ఆ మాత్రం నాకూ తెలుసు. అదీ నచ్చకపోతే మూడోది అడుగుతావు. నీకంటే చిట్టియ్య గారు నయం, ఒక్క కార్డు చూసి లేచి వెళ్ళిపోయాడు! ఒక ప్రశ్నకి ఒకే కార్డు, హారతీ. వచ్చిన జవాబు పక్కన కాసేపు కూర్చోవాలి."

వేరేదే వస్తుందని ఆవిడ నోటితోనే ఒప్పుకుంది. గెలిచానని హారతి అనబోయింది. అప్పుడే పిల్ల మోచేతుల దగ్గర సూదులకి కమిలిన మచ్చలు కనిపించాయి, అటొకటి, ఇటొకటి. నచ్చిన రీడింగు వచ్చేదాకా కొలిచే విద్యార్థుల్ని ల్యాబులో తను ఎన్ని తిట్లు తిట్టేదో గుర్తొచ్చింది. ఇక్కడ వచ్చిన రిపోర్టులు రెండూ మంచివే, అయినా తనకి చాలలేదు.

"మరి శుక్రవారం దాకా ఏం చెయ్యను?" అని అడిగింది.

"డాక్టరు గారు చెప్పిన వేళకే జ్వరం చూడు. ముందు ఇది పెట్టు," అంటూ సత్యశ్రీ ఇడ్లీ పళ్ళెం అందించింది.

మోక్షిత తల్లి చేతుల వంక అనుమానంగా చూసింది. సూది లేదని తేల్చుకున్నాక నోరు తెరిచింది.

శుక్రవారానికి జ్వరం తగ్గిపోయింది. హారతి కుళ్ళు మాత్రం తగ్గలేదు. "కార్డుల మేడమ్" అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ వేలు విసురుగానే చూపిస్తుంది. కానీ పిల్ల ఒళ్ళు వెచ్చబడితే థర్మామీటరు ఒక్కసారే పెడుతుంది. అంకె నచ్చినా నచ్చకపోయినా దాన్ని డబ్బాలో పెట్టేసి, మోక్షిత పక్కన కాసేపు కూర్చుంటుంది.