రూతు టీచర్‌కు అన్నీ వినబడ్డాయి

2022 ఎండాకాలం. కరీంనగర్‌లో నా హియరింగ్ క్లినిక్ తెరిచి అప్పటికి పదకొండేళ్లు. నేను ఆడియాలజిస్టును. వినికిడి పరీక్షించడం, అవసరమైతే చెవి మిషన్ అమర్చడం నా పని. బెల్లంపల్లి వైపు నుంచి నా దగ్గరకు ఎక్కువగా వచ్చేది గనుల్లో డ్రిల్లింగ్ చప్పుళ్ల మధ్య బతికి చెవులు పోగొట్టుకున్న మగవాళ్లే. అందుకే ఆ ఉదయం బెల్లంపల్లి నుంచి ఒక జంట వస్తే, పేషెంటు భర్తే అనుకుని కుర్చీ ఆయనకు చూపించాను. ఆయన నవ్వి, భార్యను కూర్చోబెట్టాడు.

ఆమెను రూతు అంటాను, అసలు పేరు అది కాదు. నలభై దాటిన మనిషి. ఒక చిన్న బడిలో మూడో తరగతి టీచర్. భర్త గని ఆఫీసులో క్లర్కు. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మాట.

"ఎప్పటిసంది వినబడ్తలేదమ్మా?" అని ఆమెను అడిగితే జవాబు ఆయన చెప్పాడు.

"ఏడాది దాటింది మేడం. పొద్దున చెప్పిన ముచ్చట పగటికి చెప్పలేదంటది. చుట్టాలింటికి పోవాలె, తయారుగుండు అంటే వినలే. నలుగుట్ల ఇజ్జత్ పోతుంది. పిల్లలకు సదువెట్ల చెప్తది? నౌకరి బంద్ చెయ్యుమంటున్న. మీరొక రిపోర్టు రాసిస్తే బడిల చూపిస్తం."

రూతు తల వంచుకుని, "నిజమే మేడం. నాకే సమజైతలేదు" అంది.

ఆమెను సౌండ్‌ప్రూఫ్ గదిలో కూర్చోబెట్టి ఇయర్‌ఫోన్లు పెట్టాను. ఈ పరీక్షలో చిన్న చిన్న శబ్దాలు పంపుతాం. ఎంత సన్నగా వినబడినా పేషెంటు మీట నొక్కాలి. నేను గాజు కిటికీ ఇవతల మిషన్ దగ్గర ఉన్నాను. నా వెనక ఆమె భర్త నిలబడ్డాడు. శబ్దం పెంచుతూ పోతే, బాగా గట్టిగా అయ్యాక గానీ ఆమె నొక్కలేదు. రెండు చెవుల్లోనూ ఒక మోస్తరు లోపం ఉన్నట్టు గ్రాఫు వచ్చింది.

ఇయర్‌ఫోన్లు తీస్తూ, వెనక నుంచి చాలా మెల్లగా, "కొంగు చిక్కుకుందమ్మా" అన్నాను. వెంటనే సర్దుకుంది. అంత లోపం ఉన్న మనిషికి ఆ మాట వినబడకూడదు. నేనది గమనించాను. కానీ బయట ఆరుగురు పేషెంట్లు కూర్చుని ఉన్నారు, సరిచూసుకునే రెండో మిషనేమో రిపేరుకు పోయి ఉంది. రిపోర్టు తర్వాత ఇస్తానని చెప్పి, రెండు వారాల ట్రయల్‌కు చెవి మిషన్లు పెట్టి పంపేశాను.

ఎనిమిదో రోజు రూతు ఒక్కతే వచ్చింది. చెవి మిషన్లు చేతిరుమాలులో మూటగట్టి తెచ్చింది.

"గివి పెట్టుకుంటే తల పగుల్తుంది మేడం. గిన్నె కింద పెడితే బాంబు పేలినట్టున్నది. కాయితం మడిచినా ఓర్సుకోలేకపోతున్న. ఆయనేమో అలవాటైతది, పెట్టుకో అంటుండు."

రిపేరుకు పోయిన ఆ రెండో మిషన్ ముందురోజే తిరిగొచ్చింది. దాంతో చేసే పరీక్షను ఓఏఈ అంటాం. లోపలి చెవి ఆరోగ్యంగా ఉంటే, పంపిన శబ్దానికి అదే సన్నని ప్రతిధ్వని తిప్పి పంపుతుంది. పేషెంటు చెప్పాల్సిన పని ఉండదు. రెండు చెవుల నుంచీ జవాబు చక్కగా వచ్చింది.

మళ్లీ గదిలో కూర్చోబెట్టి మొదటి పరీక్షే చేశాను. ఈసారి గ్రాఫును కాక ఆమెను చూశాను. శబ్దం పంపిన ప్రతిసారీ కళ్లు పైకి లేచాయి. వేలు మాత్రం కదల్లేదు. ఆమె చూస్తున్నది నన్ను కాదు, ఆ రోజు భర్త నిలబడ్డ చోటును. అక్కడ ఇప్పుడు ఎవరూ లేరు.

నేను లోపలికి వెళ్లి పక్కన కూర్చున్నాను. "చప్పుడైనప్పుడల్లా కిటికీ దిక్కెందుకు చూస్తున్నరు?"

చేతిలోని మీట వైపు చూసింది. తర్వాత అంది. "వినబడ్తది మేడం. కని ఆ చప్పుడు నిజంగ వచ్చిందో, నాకు వచ్చినట్టనిపించిందో ఎట్ల తెల్వాలె? ఆయన చెప్పనిది చెప్పిన అంటడు, చెప్పింది నేనెప్పుడన్న అంటడు. ఇంట్ల నేను విన్నదంత తప్పే అయితది. ఆయన మొకం చూస్తే ఎరుకైతది, నొక్కాల్నో వద్దో."

కుర్చీని గోడవైపు తిప్పాను. "తప్పో ఒప్పో చూడకున్రి. అనిపిస్తే సాలు, నొక్కున్రి" అన్నాను. మొదటి నాలుగైదుసార్లు ఆలస్యమైంది. తర్వాత వేలు కుదురుకుంది. పది నిమిషాలయ్యేసరికి మిషన్ పంపగలిగిన అతి సన్నని శబ్దాలకు కూడా నొక్కుతోంది. పాత గ్రాఫు, కొత్త గ్రాఫు ఆమె ముందు పక్కపక్కన పెట్టాను.

"మీ చెవులు మంచిగున్నయి. మొదటిసారి తప్పు నాది. అనుమానమొచ్చింది, అయినా పట్టించుకోలే. నన్ను మాఫ్ చెయ్యున్రి."

చెవులు బాగున్నాయంటే ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. "పందొమ్మిదేండ్లల్ల మా ఇంట్ల తప్పు నాది అన్నోళ్లు లేరు మేడం, నేను తప్ప."

ఆ రోజు గంటసేపు మాట్లాడింది. పెట్టిన చోట తాళంచెవి ఉండేది కాదు, నువ్వే ఎక్కడో పెట్టావని ఆయన అనేవాడు. చర్చి పాటల్లో శ్రుతి తప్పుతున్నావు, అందరూ నవ్వుతున్నారని ఆయన చెబితే క్వయర్ మానేసింది. మంచిర్యాలలో ఉన్న అక్క తన గురించి ఏదేదో అందని చెబితే అక్కకు ఫోన్ చేయడం మానేసింది. ఆయన ఒక్కసారీ చెయ్యెత్తలేదు, గొంతు పెంచలేదు. అందుకే ఇది ఎవరికైనా చెప్పుకునే విషయమని ఆమె అనుకోలేదు.

నేను కౌన్సిలర్‌ను కాదు. భర్తతో ఉండమని గానీ, వదిలెయ్యమని గానీ చెప్పలేదు. తెలిసిన సైకాలజిస్టు నంబరు రాసిచ్చాను. వినికిడి మామూలుగా ఉందన్న రిపోర్టు ఆమె చేతికే ఇచ్చాను. మరునాడు ఆమె దాన్ని హెడ్‌మిస్ట్రెస్‌కు చూపించింది.

మూడో రోజు భర్త వచ్చాడు.

"మీ మిషన్ల ఏదో ఫరక్ ఉన్నది మేడం."

"మిషన్ మంచిగుంది సార్."

"నా భార్య రిపోర్టు నాకియ్యరా?"

"ఆమెది ఆమెకిచ్చిన. ఆమెనే అడుగున్రి."

"హైదరాబాద్‌ల చూపిస్త."

"చూపియ్యున్రి. ఆడ కూడా గిదే వస్తది."

ఆయన నమస్కారం పెట్టి, తలుపు మెల్లగా వేసి వెళ్లాడు. పోయేదాకా మర్యాద తప్పలేదు. ఆ మర్యాదే మొదటిరోజు నన్ను నమ్మించింది.

రూతు ఆ ఏడాది మరో మూడుసార్లు పరీక్షకు వచ్చింది. వైద్యపరంగా అవసరం లేదు, అయినా చేశాను. సైకాలజిస్టు దగ్గరకు ప్రతి నెలా వెళ్లేది. మళ్లీ అక్కతో మాట కలిసింది. అక్క ఏమీ అనలేదని, చెల్లెలు ఫోన్ ఎందుకు చేయడం లేదని ఏళ్లుగా బాధపడుతోందని తెలిసింది. క్రిస్మస్‌కు ముందు మంచిర్యాలకు, అక్క ఇంటికి మారింది. బడికి రైల్లో వెళ్లివచ్చేది. ఒక ఆదివారం భర్త అక్కడికొచ్చి, ఈ రోజు వస్తానని ముందే చెప్పాను, నువ్వే వినలేదన్నాడట. "మీరు చెప్పలే. చెప్తే వింటుంటి" అని ఆయన ముఖం మీదే అన్నదట. అది నాకు చెప్పిన రోజున, పరీక్ష చేయనా అని అడిగితే, "ఇగ వద్దు మేడం" అంది.

2024లో మళ్లీ వచ్చింది, ఈసారి పేషెంటుగా కాదు. వెంట తన క్లాసు పిల్ల ఒకతి, ఆ పిల్ల తల్లి. తల్లి బీడీలు చుట్టే మనిషి, కూర్చోకముందే మొదలుపెట్టింది. "మొండిది మేడం. పిలిస్తే పలుకది. ఎన్ని దెబ్బలు కొట్టినా గంతే."

"మొండిది కాదక్కా" అంది రూతు. "నేను బోర్డు దిక్కు తిరిగి మాట్లాడితే దీనికి తెలుస్తలేదు. నా మొకం చూస్తేనే తెలుస్తుంది. నెల రోజుల నుంచి చూస్తున్న."

పరీక్ష చేశాను. పిల్లకు రెండు చెవుల్లోనూ లోపం ఉంది, చాలా రోజులుగా ఉంది. తల్లి పిల్లను దగ్గరకు లాక్కుని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

బయటికొస్తూ రూతును అడిగాను. "గంత పక్కాగ ఎట్ల చెప్పిన్రు?"

"నేను చూసిన గద మేడం" అంది, అందులో అడగడానికేముంది అన్నట్టు.

గ్రాఫు చెవి గురించి చెబుతుంది, ఆ చెవి ఏ ఇంట్లో ఉంటోందో చెప్పదు. ఇప్పుడు నేను కేసు షీటులో మొదట రాసే ప్రశ్న, వినబడటం లేదని ముందుగా ఎవరన్నారు అని. తోడొచ్చిన వాళ్లు ఎంత మర్యాదస్తులైనా బయట కూర్చోమంటాను. జవాబు పేషెంటు నోటి నుంచి వచ్చేదాకా ఆగుతాను, బయట ఎంతమంది కూర్చున్నా సరే.