కోళ్లు పోయిన వీధిలో రక్త పరీక్షలు
ఆదోనిలో ఒక వీధికి బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు, పశువైద్యుడిగా అక్కడి నాటుకోళ్లన్నిటినీ చంపించింది నేనే. మరుసటి ఏడు ఆ జబ్బు మీద పశువైద్యులూ, మనుషుల డాక్టర్లూ కలిసి పరిశోధన చేయడానికి ప్రభుత్వం నిధులిచ్చింది. కోళ్లు పెంచినవాళ్ల రక్తం పరీక్షించాలని, ఎమ్మిగనూరు నుంచి వచ్చిన డాక్టరమ్మతో కలిసి మళ్లీ అదే వీధికి వెళ్లాను.

నన్ను గుర్తుపట్టి చాలామంది తలుపులు వేసుకున్నారు. గుడ్లమ్ముకుని బతికిన ఒక ముసలామె మాత్రం గడపలోనే నిలబడింది.

"నా కోళ్లను గుంతలో పూడ్సినావు. ఇప్పుడు నా రక్తం గూడా కావల్లనా?" అని అడిగింది.

"ఆ జబ్బు యాడినుంచి వచ్చిందో, మనుషులకు గూడా అంటిందో లేదో మాకు తెలీదవ్వా. అది తెలిస్తే ఇంకోసారి వీధిలో కోళ్లన్నీ చంపే పని ఉండదేమో. దానికే సర్కారు మమ్మల్ని పంపింది" అన్నాను.

ఆమె గడప దాటి బయటికి వచ్చింది. తర్వాత అరుగు మీద కూర్చుని డాక్టరమ్మకు చేయి చాపింది. అది చూసి ఇరుగుపొరుగువాళ్లూ వచ్చారు.

ఎవరికీ జబ్బు సోకలేదని తేలింది. ఆ మాట ఆమెకు చెప్పడానికి నేనే వెళ్లాను.

"మంచిదప్పా. కోళ్లకు యాడినుంచి వచ్చినాదో తెలిసిందా?" అంది.

"ఇంకా వెతుకుతాండాము."

ఆమె తలూపి, లోపలికెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చింది.