నిఘంటువుల వెనక స్థావరం

పిల్ల గూఢచారుల బడి గురించిన సాహస నవల మళ్లీ అరలో లేదు. రేపే తనిఖీ. ఒక్క పుస్తకం తగ్గినా లైబ్రరీ మేడం సంజాయిషీ ఇచ్చుకోవాలి. పదహారేళ్ల ఉద్యోగంలో ఆవిడకు ఆ అవసరం రాలేదు.

నవల ఎక్కడుందో ఆవిడకు తెలుసు. ఇంకెవరికీ దక్కకుండా ఆరో తరగతి ఆడపిల్లలు దాన్ని లావుపాటి నిఘంటువుల వెనక దాచుకుంటారు. తనే తీసేస్తే వాళ్ల సరదా కాస్తా నీరుగారిపోతుంది. అందుకని అందులో ఓ చీటీ పెట్టింది: "మీ స్థావరం శత్రువుకు తెలిసిపోయింది. రేపు పొద్దున్నకల్లా పుస్తకం అరలోకి చేర్చండి."

మర్నాడు తనిఖీ అధికారి వచ్చేసరికి నవల తన చోట బుద్ధిగా నిలబడి ఉంది. ఆయన అటు వెళ్లగానే రెండు జడల పిల్ల బల్ల దగ్గరకొచ్చి గుసగుసలాడింది.

"మేడం, ఈసారి చేతిరాత మార్చి రాయండి. ఇట్టే దొరికిపోయారు!"

"అయితే నన్ను కూడా మీ ముఠాలో చేర్చుకుని నేర్పండే," అంది మేడం, నవ్వాపుకుంటూ.