తొమ్మిదో నాటి చెరువు

నేను మనసులో పెట్టుకునే మనిషిని. ఎవరైనా మాటంటే ఆ పూటకు ఊరుకుంటాను గానీ మరిచిపోను. మా అమ్మ దాన్ని "నీ కడుపుల కుంపటి" అనేది. వయసుతో పాటు చాలామంది మీద కోపాలు చల్లారాయి. ఒక్కడి మీద మాత్రం ఇప్పటికీ చల్లారలేదు.

తెలంగాణ ఉద్యమం ఊరూరా రగులుతున్న కాలమది. నా కాపురం కోరుట్లలో, ఉద్యోగం జగిత్యాల బడిలో. పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. ఒక వేసవిలో టీచర్లకు జగిత్యాలలో శిక్షణ తరగతులు పెట్టారు. మాట్లాడడానికి హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. రాష్ట్రంలో సర్కారు గుర్తించిన కోటలు, గుళ్ళు, అడవులు, పండుగలు అన్నీ తిరిగి చూసి పుస్తకం రాస్తున్నాడట. గోదావరి, కృష్ణ, కోనసీమ, తిరుపతి అంటూ గంటసేపు చెప్పాడు. మా వైపు పేరు ఒక్కసారి కూడా ఆయన నోటి నుంచి రాలేదు.

నేను లేచి నిలబడ్డాను. "మా దిక్కు గుడ సూసేటియి చానా ఉన్నయి సార్. ఎవలన్న అచ్చి సూసిండ్రా అసలు?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "అచ్చి... సూసిండ్రా..." అని నా గొంతునే సాగదీసి అందరికీ వినిపించాడు. "ముందు భాష నేర్చుకోండమ్మా. రాష్ట్రం సంగతి తర్వాత అడుగుదురు గాని" అన్నాడు.

హాలంతా గొల్లుమంది. నవ్విన వాళ్ళంతా మావాళ్ళే, రోజూ ఆ మాటే మాట్లాడే వాళ్ళు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. నాకు ఏడుపు రాలేదు. కూర్చుని ఆయన ముఖాన్ని బాగా గుర్తుపెట్టుకున్నాను.

బతుకమ్మ పండుగ వచ్చేసరికి సమ్మె మొదలై బడులు మూతబడ్డాయి. అప్పుడు మా హెడ్మాస్టరు ఫోన్ చేశాడు. "గా హైదరాబాద్ సారు మన దిక్కు సూడనీకి అస్తుండట మేడం. ఎంబడి నువ్వుండాలె. నీకు ఊర్లన్ని ఎర్కనాయె."

"సమ్మెల ఉన్నం గద సార్" అన్నాను.

"గిది డ్యూటీ కాదు, మర్యాద. ఇంటికి అచ్చినోన్ని అట్ల ఒదిలేస్తమా?"

సరేనన్నాను. మర్యాద చేయాలనే నాకూ ఉంది, నా తీరులో.

ఇక్కడ మా పుట్టింటి సంగతి కొంత చెప్పాలి. మాది వేములవాడకూ సిరిసిల్లకూ నడుమ ఒక పల్లె. అంతటా సద్దుల బతుకమ్మ, అంటే ఆఖరి పెద్ద బతుకమ్మ, తొమ్మిదో నాడు ఆడతారు. వేములవాడలోనూ మా చుట్టుపక్కలా ఏడో నాడే ఆడతాం. పెళ్ళయిన ఆడబిడ్డలు ఏడో నాడు తల్లిగారింట్లో ఆడుకుని, అత్తగారింటికి పోయి అక్కడ తొమ్మిదో నాడు మళ్ళీ ఆడాలి కదా. అందుకని తొమ్మిదో నాటికి మా పల్లెలో పండుగ ముగిసి, పెళ్ళయిన ఆడబిడ్డ అన్నది కనిపించదు. చిన్నప్పుడు లోకమంతా ఏడో నాడే ఆడుతుందని నేనూ అనుకునేదాన్ని.

ఆ పెద్దమనిషి నాకు ఫోన్ చేశాడు. "తొమ్మిదో రోజు సాయంత్రానికి మీ పుట్టింటి వైపు తీసుకెళ్ళండి. పట్నం బతుకమ్మలు నాకొద్దు, అసలైన పల్లె బతుకమ్మ కావాలి. సద్దులు ఆ రోజే కదా."

"సార్, మా దిక్కు..." అని నేను మొదలుపెట్టాను.

"నాకు తెలుసు లెండి, అంతా చదివాను" అని మాట మధ్యలోనే కోసేశాడు.

నేను నోరు మూసుకున్నాను. ఫోన్ పెట్టేశాక, ఎన్నాళ్ళకో కడుపునిండా నవ్వుకున్నాను.

ఏడో నాడు మా ఊళ్ళో సద్దులకు పోయాను. అమ్మ తెల్లవారకముందే తంగేడు, గునుగు పూలు తెప్పించి వాకిట్లో కుప్పపోసింది. బతుకమ్మ పేర్చడంలో అమ్మకో పద్ధతి ఉంది. అందరూ గునుగు కట్టల్ని ఏ దారంతో పడితే ఆ దారంతో కడతారు. అమ్మ మాత్రం నేతపని చేసే మా నాన్న మగ్గం మీద మిగిలిన ఎర్రనూలు పోగులతోనే కట్టేది. కట్టకు మూడు చుట్లు చుట్టి, చివర చిన్న ముడి, దాని నుంచి వేలెడు కొస వేలాడాలి. "ఎవల బతుకమ్మ నీళ్ళల్ల ఏడికి వోయిందో ఎర్క కావాలె గద" అనేది. నేను ఆమె పక్కన కూర్చుని గుమ్మడాకులు పరుస్తున్నాను.

"గా సారు అస్తడంటివి, ఏడి మరి?" అని అడిగింది.

"ఎల్లుండి అస్తడమ్మా."

"ఎల్లుండా? ఎల్లుండి ఈడ ఏమున్నది బిడ్డా, బర్రెలు తప్ప?"

విషయం చెప్పాను. తను కూడా నవ్వుతుందనుకున్నాను. అమ్మ చేతిలో కట్ట పక్కన పెట్టింది. "ఇయ్యాల్నే పిలిస్తే ఏమాయె? పెద్ద ఫోటువల మిషిని ఉంటదాయె ఆయినకు. నేను పేర్చిన బతుకమ్మది ఒక్క ఫోటువన్న ఉన్నదా మనింట్ల?"

"గాడు తీసుడెందుకమ్మా? అచ్చే ఏడు నేనే కెమెరా తెచ్చి తీస్త."

"నీ కడుపుల కుంపటి సల్లారది పో" అని మళ్ళీ కట్టలు కట్టుకుంది. ఆ సాయంత్రం అమ్మ బతుకమ్మ ఆమె నడుమెత్తు వచ్చింది. చీకటి పడేవేళకు చెరువులో వదిలి, సత్తుపిండి పంచుకు తిన్నాం.

తొమ్మిదో నాడు పొద్దున్నే జగిత్యాలలో ఆయన కారెక్కాను. ముందు కోట చూపించాను. చుట్టూ కందకంతో నక్షత్రం ఆకారంలో కట్టిన కోట అది. ఆయన ఫిరంగి మీద చెయ్యేసి ఫోటో దిగాడు, "బాగానే ఉందే" అన్నాడు, అదేదో మాకు దానమిస్తున్నట్టు. కొడిమ్యాల దారిలో ఉద్యమం పిల్లలు రోడ్డుకు అడ్డంగా కూర్చుని కారు ఆపారు. నేను దిగి, "మన బడికి అచ్చిన సారే తమ్మీ, పోనియ్యుండ్రి" అన్నాను. పోనిచ్చారు. ఆయన వెక్కిరించిన భాషే ఆయన కారును దాటించింది. ఆయన మాత్రం ఏమీ ఎరగనట్టు అవతలి కిటికీలోంచి బయటికి చూశాడు. సిరిసిల్లలో మరమగ్గాల సాంచెల చప్పుడుకు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని రెండు నిమిషాల్లో బయటపడ్డాడు. ఎండ దిగేవేళకు మా ఊరి చెరువు చేరాం.

కట్ట మీద ఎవరూ లేరు. నీళ్ళలో బర్రెలున్నాయి. ఒడ్డున కుళ్ళిన పూలు కుప్పలుగా పడి ఉన్నాయి. ఆయన కెమెరా మెడలో వేసుకుని అటూ ఇటూ తిరిగాడు. బర్రెలు తోలుకుపోతున్న ముసలమ్మ ఆగింది.

"ఎవల కోసం కొడుకా?"

"బతుకమ్మ ఎప్పుడు మొదలవుతుందమ్మా?"

"మొన్ననే అయిపాయె గద. మాకాడ ఏడొద్దులకే సద్దులు. ఆడివిల్లలు అత్తగార్లిండ్లకు వోయిన్రు" అని ఆమె బర్రెల వెంట పోయింది.

ఆయన నా వైపు తిరిగాడు. "మీకు ఇది తెలుసా?"

"పుట్టినూరు సార్, తెల్వకుంటదా?"

"మరి చెప్పలేదేం?"

"మీరే అంత తెలుసన్నరు. నాకు భాష రాదాయె, ఎట్ల జెప్పాలె?"

ఆ ముఖం చూడవలసింది. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. వట్టి చేతులతో పోవడం ఇష్టంలేక కాబోలు, వంగి ఒడ్డు మీద చెత్తను రెండు మూడు ఫోటోలు తీసుకున్నాడు. నాకు ఆ రాత్రి తిన్న అన్నమంత రుచి మళ్ళీ ఏ పండుగకూ లేదు.

మరుసటి వానాకాలం జ్వరంతో అమ్మ పోయింది. నేను కెమెరా కొననే లేదు.

రాష్ట్రం వచ్చాక ఆయన పుస్తకం మా బడికి వచ్చింది. తప్పులు వెతికి పదిమందిలో పరువు తీయాలని తెరిచాను. మా వైపుకు నాలుగు పేజీలు ఇచ్చాడు. ఏడో నాడే సద్దులు ఆడే ఆచారాన్ని తానే ఎంతో శ్రమపడి కనుగొన్నానని రాసుకున్నాడు. నా దెబ్బను మెడలో దండలా వేసుకున్నాడు, దొంగ.

పేజీ తిప్పితే చెరువు ఒడ్డు ఫోటో. నల్లబడ్డ పూలు, నాచు, వాటి మధ్య నాలుగైదు గునుగు కట్టలు. రంగు పోయి పీచుల్లా ఉన్నా అవి విడిపోలేదు. ఎర్రనూలు మూడు చుట్లు, చివర చిన్న ముడి, వేలెడు కొస.

పేజీని చింపుదామని పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగింది. బడిలో ఉన్నానని కూడా చూడకుండా ఏడ్చాను.

తర్వాత ఆ పుస్తకం ఒకటి కొనుక్కున్నాను. ఆయన పేరున్న అట్టను, ఆయన ఫోటో ఉన్న మొదటి పేజీని చింపి పొయ్యిలో పెట్టాను. మిగిలింది మా దేవుని అర్రలో ఉంది. ఏటా ఏడో నాడు ఆ పేజీ తెరిచి ముందర పసుపు గౌరమ్మను పెడతాను. ఆయనను నేను క్షమించలేదు, క్షమించను. కానీ మా అమ్మ అడిగిన ఫోటో తీసింది చివరికి వాడే.